కేసు పడినవాడు, కేసు పెట్టినవాడు



మనం రోజూ వాడే ఇంగ్లీషు మాటల వెనక ఏముందో చూద్దామని రాస్తున్న ఈ వరసలో ఈసారి ‘కేసు’ తీసుకున్నాను. ఇది ఇంగ్లీషు మాట అన్న సంగతి కూడా మనకు గుర్తుండదు. బడి మొహం చూడని మన అమ్మమ్మలకు కూడా బస్సు, పోలీసు, రేషను లాంటి మాటల పక్కనే కేసు కూడా తెలుసు. కలెక్టరాఫీసు ఎక్కడుందో తెలియని మనిషికి కూడా కేసంటే భయం తెలుసు.

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఈ మాట ఎలా వినపడుతుందో ఒకసారి చెవి పెట్టి వినండి.

“ఆ పేట గుంటడు కేసెట్టీసినాడు.”

“పాపం, బాబుగారి మీద కేసు పడిపోనాది.”

రెండూ ఒకే గొడవ గురించి చెప్పిన మాటలు. దెబ్బలు తిన్నది పేట కుర్రాడు. కొట్టింది బాబుగారు. కానీ వాక్యాల్లో చూడండి. మొదటి వాక్యంలో ఏదో చేసినవాడు కుర్రాడు. రెండో వాక్యంలో ఏదో జరిగిపోయినవాడు బాబుగారు. వాన పడ్డట్టు, పిడుగు పడ్డట్టు ఆయన మీద కేసు ‘పడింది’. కొట్టడం అన్న పని రెండు వాక్యాల్లోనూ లేదు. తన్నులు తిన్నవాడు దోషి అయ్యాడు, తన్నినవాడు బాధితుడయ్యాడు. ఇంత పని చేయడానికి ఏ లాయరూ అక్కర్లేదు. పడు, పెట్టు అనే రెండు క్రియలు చాలు.

ఈ రెండు క్రియలకీ, ఆ మాట పుట్టుకకీ ఒక విచిత్రమైన పోలిక ఉంది. అది చెప్పడానికే ఈ పోస్టు.

ఇంగ్లీషులో ‘కేస్’ అనేది ఒక మాట కాదు. రెండు వేరు వేరు మాటలు కాలక్రమంలో ఒకే స్పెల్లింగులోకి, ఒకే పలుకులోకి వచ్చి కూర్చున్నాయి. మొదటిది లాటిన్‌లో ‘కాసుస్’ నుంచి పాత ఫ్రెంచి మీదుగా వచ్చింది. కాసుస్ అంటే పడటం. పడు అనే అర్థమున్న ‘కాడెరే’ అనే క్రియ దానికి తల్లి. మనిషి మీద వచ్చి పడింది, అతనికి జరిగింది, సంఘటన, పరిస్థితి. అలా అర్థం పెరుగుతూ కోర్టు కేసు దాకా, ఆసుపత్రి కేసు దాకా వచ్చింది. రెండోది ‘కాప్సా’ అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. కాప్సా అంటే పెట్టె. పట్టుకోవడం, లోపల ఉంచుకోవడం అనే అర్థమున్న క్రియ నుంచి పుట్టింది. సూట్‌కేసు, బ్రీఫ్‌కేసు, మీ ఫోనుకి తొడిగిన కేసు, మందుల షాపులో క్యాప్సూలు, అన్నీ దాని పిల్లలే.

ఒకటి పడింది, ఒకటి పెట్టె. మన పల్లెల్లో లాటిన్ ఎవరికీ రాదు. అయినా ‘కేసు పడింది’ అంటున్నాం, ‘కేసు పెట్టాడు’ అంటున్నాం. మన ‘పెట్టు’కీ పెట్టెకీ చుట్టరికం ఉందని నేననడం లేదు. యాదృచ్ఛికమే కావచ్చు. కానీ గత నలభై, యాభై ఏళ్లలో మన జనం కేసుల చరిత్ర చూస్తే అంతా ఈ రెండు అర్థాల మధ్యే నడిచింది. మన మీద ఏదో పడుతుంది. దాన్ని తీసుకెళ్లి పెట్టెలో పెడతారు.

ముందు పడటం గురించి.

ఆ ‘కాడెరే’కి పిల్లలు చాలామంది. యాక్సిడెంట్, ఛాన్స్, క్యాజువల్, క్యాజువాల్టీ, అన్నీ అక్కడ నుంచి వచ్చినవే. ఇప్పుడు ఈ మాటల్ని మన జిల్లాల మీద పెట్టి చూడండి. ఊళ్లో భూమి లేదు. పని కోసం చెన్నై, హైదరాబాదు రైలెక్కుతాం. అక్కడ మన పేరు క్యాజువల్ లేబర్. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలిపోయింది. 61 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వలస పోయిన కూలీలు. క్యాజువల్ లేబర్ అన్నారు, యాక్సిడెంట్ అన్నారు, క్యాజువాల్టీలు అన్నారు, కేసు అన్నారు. ఒకే వేరు నుంచి పుట్టిన నాలుగు మాటలు ఒకే శిథిలం కింద దొరికాయి. అన్నిటిలోనూ ‘పడింది’ అనే ఉంది. ‘ఎవరు పడేశారు’ అనేది ఏ మాటలోనూ లేదు.

మన ఉద్దానం సంగతీ అంతే. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, మందస మండలాల్లో కిడ్నీలు పోయి డయాలసిస్ మీద బతుకుతున్న మనుషుల్ని కేసులని లెక్కపెడతారు. ఈ ఊళ్లో ఇన్ని కేసులు, ఆ ఊళ్లో అన్ని కేసులు. మనిషి పోయి కేసు మిగులుతుంది. కాలేజీలో మీరు కూడా ‘వాడో తేడా కేసురా’ అని నవ్వుకుంటారు కదా. అక్కడా ఇదే జరుగుతోంది. పేరున్న మనిషి పేరు లేని సంఘటనగా మారిపోతాడు.

వ్యాకరణంలో కూడా కేస్ ఉంది. ఇంగ్లీషు మాస్టారు నామినేటివ్ కేస్, అక్యూజేటివ్ కేస్ అని చెప్తారు. అదీ పడటమే. నామవాచకం తన నిటారు రూపం నుంచి పక్కకు ఒరిగి, జారి, పడిపోయిన రూపాలుగా విభక్తుల్ని గ్రీకులు చూశారు. ఆ ‘పడటం’ అనే గ్రీకు మాటనే లాటిన్ వాళ్లు కాసుస్ అని తెచ్చుకున్నారు. మన దగ్గర దాని పేరు విభక్తి. విభక్తి అంటే విభజన. వాళ్లది పడటం, మనది విడగొట్టడం. రెండూ మనకు బాగా తెలిసినవే.

ఇంకో తమాషా ఉంది. అక్యూజేటివ్ అంటే వినడానికి నింద మోపేది అన్నట్టుంటుంది. గ్రీకులో ఆ విభక్తి పేరుకి అసలు ఉద్దేశం కారణం వల్ల ఫలితం పొందినది అని. లాటిన్‌లోకి తెచ్చేటప్పుడు దాన్ని నింద అన్న అర్థంలో తర్జుమా చేసేశారు. అంటే పని ఎవరి మీద జరిగిందో ఆ మనిషే నిందితుడి పేరు మోస్తున్నాడు. తర్జుమాలో జరిగిన ఆ పొరపాటు మన స్టేషన్లలో రోజూ జరుగుతుంది. దెబ్బలు తిన్నవాడు ఫిర్యాదు చేయడానికి వెళ్తే సాయంత్రానికి అతని మీద కౌంటర్ కేసు ఉంటుంది.

పేపర్లు కూడా చూడండి. ‘దళితుడిపై దాడి’, ‘దళిత మహిళకు అవమానం’ అని హెడ్డింగు. మనం ఎప్పుడూ ద్వితీయలోనో చతుర్థిలోనో ఉంటాం. ప్రథమా విభక్తిలో ఉండాల్సిన మనిషి, ఆ పని చేసిన మనిషి, హెడ్డింగులో కనపడడు. జర్నలిజం చదువుతున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఇది నా విన్నపం: కర్తను రాయండి.

ఇక పెట్టె గురించి.

అచ్చు పని ఉన్న కాలంలో సీసపు అక్షరాల్ని చెక్క పెట్టెల్లో సర్దేవాళ్లు. పెద్దక్షరాలు పై పెట్టెలో, చిన్నక్షరాలు కింది పెట్టెలో. అప్పర్ కేస్, లోయర్ కేస్ అనే మాటలు అలా వచ్చాయి. చిన్నక్షరాలు ఎక్కువ వాడకం గనక చేతికి దగ్గరగా కింద పెట్టారు. ఎక్కువ పని చేసేది కింద, అప్పుడప్పుడు ముందు వరసలో నిలబడేది పైన. తెలుగు లిపిలో పెద్దక్షరం, చిన్నక్షరం అనే తేడా లేదు. ఆ తేడా మనం ఊరికీ పేటకీ మధ్య పెట్టుకున్నాం.

ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. పలుకుబడి దగ్గరగా ఉంది కదా అని కేస్‌ని, కాస్ట్‌ని ఒకే వేరు మాటలని ఎక్కడా రాయకండి. కులానికి ఇంగ్లీషు వాళ్లు వాడే మాట పోర్చుగీసు ‘కాస్తా’ నుంచి వచ్చింది. జాతి, వంశం అని దాని అర్థం. చుట్టరికం మాటల్లో లేదు. వ్యవహారంలో ఉంది. అది ఎలాగో మన జిల్లాలే చెప్తాయి.

1967 అక్టోబర్ 31న మొండెంఖల్ గిరిజన సంఘం సభకు వెళ్తున్న జనం మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. కేసు నడిచింది. 1968లో కోర్టు నిందితుల్ని వదిలేసింది. ఆ తర్వాతే శ్రీకాకుళం గిరిజన ప్రాంతం సాయుధ పోరాటంలోకి వెళ్లింది. అప్పుడు ప్రభుత్వం పెట్టిన కేసు పేరు మీ అందరికీ తెలుసు, పార్వతీపురం కుట్ర కేసు. ఇద్దరు గిరిజనులు చచ్చిపోయిన కేసు ఏడాదిలో తేలిపోయింది. గిరిజనుల పక్షాన నిలబడినవాళ్ల మీద పెట్టిన కేసు చరిత్రలోకి ఎక్కింది. ఆ పోరాటం పద్ధతుల మీద నాకు వేరే అభిప్రాయాలున్నాయి, అవి ఇంకో పోస్టులో. ఇక్కడ అడుగుతున్నది ఒక్కటే. ఏ కేసు బరువైంది, ఏ కేసు తేలికైంది, ఎందుకు?

దీనికి పక్కనే గురజాడ వారి కన్యాశుల్కం పెట్టుకోండి. విజయనగరం నాటకం. అందులో మాయపెళ్లికూతురు కనపడకుండా పోయేసరికి లుబ్ధావధాన్ల మీద ఖూనీ కేసు లేస్తుంది. చచ్చిన మనిషే లేడు, అయినా కేసు నడుస్తుంది, సాక్షులు తయారవుతారు, వకీళ్లు దిగుతారు. నూరేళ్ల కిందటి అగ్రహారాలకు కోర్టు ఎంత అలవాటైన అరుగో గురజాడ చూపించారు. అక్కడ శవం లేకుండా కేసు నడిచింది. లేవిడిలో రెండు శవాలున్నా కేసు నిలబడలేదు.

ఇప్పుడు లక్ష్మీపేటకు వద్దాం. వంగర మండలం, అప్పుడు శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి విజయనగరం జిల్లా. మడ్డువలస రిజర్వాయరు కోసం ప్రభుత్వం భూములు తీసుకుంది. వాటిలో మునగకుండా మిగిలిన భూమిని పేట జనం సాగు చేసుకున్నారు. భూమి లేని మాల కుటుంబాలు మొదటిసారి తమ కోసం నాగలి పట్టాయి. ఊళ్లో బలమున్న తూర్పు కాపు కులస్థుల్లో కొందరికి అది మింగుడుపడలేదు. 2012 జూన్ 12న దాడి చేశారు. ఐదుగురు దళితులు చనిపోయారు, ఎంతోమంది గాయపడ్డారు. అప్పుడు కూడా మాట్లాడినవాళ్లు చాలామంది దాన్ని భూతగాదా అన్నారు. తగాదా అంటే ఇద్దరిదీ సమానమైన గొడవ. ఐదు శవాలూ ఒకే వైపు ఉన్నప్పుడు తగాదా ఎలా అవుతుంది?

అక్కడ దళిత సంఘాలు అడిగిన కోరికల్లో ముఖ్యమైనది ఏమిటో గుర్తుందా? విచారణ ఊళ్లోనే జరగాలి, ప్రత్యేక కోర్టు అక్కడే పెట్టాలి. ఎందుకడిగారు? కేసు అనేది జిల్లా కోర్టు బీరువాలో ఉండే పెట్టె కాకూడదు, జరిగిన చోట జరిగినట్టు తేలాలి అని. ఈ కోరికకి చుండూరు దారి చూపించింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. అక్కడి జనం పోరాడి ఊళ్లోనే ప్రత్యేక కోర్టు తెచ్చుకున్నారు. 2007లో తీర్పు వచ్చింది, 21 మందికి యావజ్జీవం పడింది. పదహారేళ్లు పట్టింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ నిర్దోషులంది. సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది. పదహారేళ్లు తలుపులు కొట్టి తెరిపించిన పెట్టెకు ఒక్క రోజులో మళ్లీ మూత వేశారు.

చట్టం మాత్రం ఏం చెప్తోంది? ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. 2015 సవరణ తర్వాత అభియోగపత్రం వేసిన నాటి నుంచి వీలైనంతవరకు రెండు నెలల్లో విచారణ పూర్తి చేయాలని అందులో ఉంది. దర్యాప్తు డీఎస్పీ హోదాకు తక్కువ కాని అధికారి చేయాలి, అరవై రోజుల్లో ముగించాలి. రెండు నెలలని రాసిన చట్టం పక్కన మన కళ్లముందు నడిచిన పదహారేళ్లు పెట్టి చూడండి. ఆ మధ్య దూరం పేరే కులం.

2018 మార్చి 20న ఆ చట్టాన్నే సుప్రీంకోర్టు పలచన చేసింది. ముందు విచారణ జరిపాకే కేసు, అనుమతి ఉంటేనే అరెస్టు అంది. ఏప్రిల్ 2న దేశమంతా మనవాళ్లు రోడ్డెక్కారు. పార్లమెంటు 18ఏ సెక్షను తెచ్చి ఆ షరతుల్ని తీసేసింది. 2019 అక్టోబర్‌లో కోర్టు తన ఆదేశాల్ని తానే వెనక్కి తీసుకుంది. ‘ఫాల్స్ కేసు’ అనే మాటకు ఎంత బలముందో, దాన్ని ఎదుర్కోవడానికి ఎంత బలం కావాలో ఆ రెండేళ్లు చూపించాయి.

ఇక క్యాష్ సంగతి. క్యాష్ అన్న మాట కూడా ఆ కాప్సా పెట్టె పిల్లే. ముందు డబ్బు దాచే పెట్టెకి పేరు, తర్వాత డబ్బుకే పేరు. అదే పలుకుతో ఇంకో క్యాష్ కూడా ఉంది, అది మన కాసు. దక్షిణాది భాషల్లోని కాసును పోర్చుగీసు వాళ్లు తమ నోటికి తిప్పుకుంటే, అది ఇంగ్లీషు వాళ్లకు చేరింది. మద్రాసు కంపెనీ లెక్కల్లో 80 కాసులు ఒక ఫణం, 42 ఫణాలు ఒక వరహా. కేసు పెట్టెలోకి వెళ్లి క్యాష్‌గా బయటికి రావడం మన ఊళ్లలో ఎంత మామూలో మీకు చెప్పక్కర్లేదు. పెద్దమనుషులు కూర్చుంటారు. “ఏటుందిరా కోర్టులో, ఎన్నేళ్లు తిరుగుతావు, ఇది తీసుకుని వదిలీ” అంటారు. రేపు కూలి పని వాళ్ల పొలంలోనే, నీళ్లు వాళ్ల బోరులోవే. ఆ పరిస్థితిలో రాజీ పడిన కుటుంబాన్ని నేను ఒక్క మాట కూడా అనను. అనాల్సింది ఆ పెద్దమనుషుల్ని. ఈ చట్టం కింద నేరాలు కింది కోర్టులో రాజీ చేసుకోదగినవి కావని తెలిసి కూడా పంచాయితీ పెట్టేవాళ్లని.

ఇంకో మాట కూడా వింటాం. “డబ్బుల కోసమే ఈళ్లు కేసులెడతారు” అని. నిబంధనల ప్రకారం బాధితులకు వచ్చేది రిలీఫ్. నేరాన్ని బట్టి 85 వేల నుంచి 8 లక్షల 25 వేల దాకా, దశలవారీగా, ప్రభుత్వం ఇస్తుంది. కాలిపోయిన ఇంటికి, విరిగిన చేతికి, పోయిన కూలికి అది ఆసరా. కొట్టినవాడు రాత్రిపూట రహస్యంగా ఇచ్చే కట్టకీ దీనికీ తేడా తెలియనట్టు మాట్లాడేవాళ్లకు నిజంగా తెలియదని నేననుకోను.

మరి ఏం చేయాలి? కేసులతోనే కులం పోతుందని నేను చెప్పను. భూమి, చదువు, సంఘం లేకుండా ఏ కేసూ నిలబడదు. కానీ కేసును వదిలేస్తే భూమీ నిలబడదు, లక్ష్మీపేట చెప్పింది అదే.

స్టేషనుకి వెళ్లేటప్పుడు ఒంటరిగా పంపకండి. మీలో లా చదువుతున్నవాళ్లు పక్కన ఉండండి. చెప్పింది చెప్పినట్టు రాశారా, చదివి వినిపించారా, కాపీ ఉచితంగా ఇచ్చారా చూడండి. అవి చట్టం అధికారి మీద పెట్టిన బాధ్యతలు. ఎస్సీ, ఎస్టీ కాని అధికారి కావాలని ఈ బాధ్యతను నిర్లక్ష్యం చేస్తే నాలుగో సెక్షను కింద ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు. రాసిన కాగితంలో కర్త ఉన్నాడా లేదా చూడండి. ‘దెబ్బలు తగిలినవి’ అని ఉంటే ఒప్పుకోవద్దు. ‘ఫలానా వ్యక్తి, ఫలానా చోట, ఫలానా మాట అని, కొట్టాడు’ అని ఉండాలి. బెయిలు మీద వాదన జరిగేటప్పుడు బాధితుల మాట వినాలని 15ఏ సెక్షను చెప్తోంది, ఆ రోజు కోర్టులో మనిషి ఉండేలా చూడండి. జిల్లా నిఘా కమిటీ కలెక్టరు అధ్యక్షతన మూడు నెలలకోసారి కూర్చోవాలి. కూర్చుందా అని రాతపూర్వకంగా అడగండి. పెట్టె మూత తెరిచి ఉంచడమంటే ఇదే. ఇందులో వీరత్వం ఏమీ లేదు, విసుగు పుట్టించే పని. మన ఉద్యమంలో దీనికి చప్పట్లు తక్కువ, అవసరం ఎక్కువ.

బాబాసాహెబ్ మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగింది 1927 మార్చి 20న. ఆ ఏడాదే అగ్రకులాల వాళ్లు ఆయన మీద సివిల్ కేసు వేశారు, చెరువు తమ సొంతమని. అంటే అక్కడ కేసు ‘పడింది’ అంబేడ్కర్ మీద. ఆయన దాన్ని వదల్లేదు. వాయిదాలు తిరిగారు, పాత రికార్డులు తీయించారు, చెరువు మునిసిపాలిటీదని నిలబెట్టారు. 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు అగ్రకులాల అప్పీలు కొట్టేసింది. పదేళ్లు. నీళ్లు తాగింది ఒక్క రోజు, ఆ నీళ్లు మనవని నిరూపించింది పదేళ్లు. మొదటిదాని ఫొటో మన గోడల మీద ఉంటుంది. రెండోది కూడా నేర్చుకోవాలి.

కాబట్టి ఈసారి ఊళ్లో ఎవరైనా “పాపం, ఆయన మీద కేసు పడింది” అంటే అక్కడే ఆపండి. మర్యాదగానే అడగండి. “పడలేదు బావూ. ఆయన కొట్టాడు, అందుకు ఈయన ఫిర్యాదు చేశాడు. ఆ వరసలో చెప్పండి” అనండి. చిన్న దిద్దుబాటే. కానీ ఊరు నోటిలో మారని వాక్యం కోర్టు కాగితంలో మారదు.

జై భీమ్.